చేతి దారిలో చిక్కులు

గుండెకు చేరడానికి గజ్జల కంటే మణికట్టే సురక్షితమని తేలింది. కానీ ఆ సన్నని ధమని చెల్లిస్తున్న మూల్యం గురించి రోగులకు చెప్పేవారు తక్కువ. చిన్న జాగ్రత్తలతో తప్పించగల నష్టమిది.

"చేతికి చేశారా, కాలికి చేశారా?" యాంజియోగ్రామ్ చేయించుకుని వచ్చినవారిని పలకరించడానికి వెళ్లే బంధుమిత్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. చేతికేనని తెలిస్తే అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. అందుకు తగిన కారణమే ఉంది. కాలి నుంచి చేస్తే గజ్జల్లో గుచ్చిన చోట గట్టిగా ఒత్తిపెట్టి, గంటల తరబడి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోబెడతారు. చేతి నుంచి చేస్తే మణికట్టుకు ఓ బ్యాండ్ బిగించి లేపి కూర్చోబెడతారు. రోగి తన కాళ్ల మీద తాను నడిచి మరుగుదొడ్డికి వెళ్లగలడు. కేవలం పరీక్షే అయితే సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్లూ ఉన్నారు.

ఈ సౌకర్యమే మణికట్టు మార్గానికి పెద్ద ప్రచారం. అయితే ప్రచారంలో రాని సంగతి ఒకటుంది. నాడి పట్టి చూసే చోట ఉండే రేడియల్ ధమని చాలా సన్ననిది. దాని లోపలి వ్యాసం చాలామందిలో రెండు నుంచి మూడు మిల్లీమీటర్లే. మామూలుగా వాడే '6 ఫ్రెంచ్' గొట్టం బయటి వ్యాసం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అంటే చొక్కా గుండీ రంధ్రంలోంచి దానికంటే కాస్త పెద్ద గుండీని దూర్చడం లాంటిది. ధమని సాగుతుంది కాబట్టి పని జరిగిపోతుంది. కానీ లోపలి పొర ఒరుసుకుపోతుంది. కొందరిలో ఆ తర్వాత ధమని మూసుకుపోతుంది. రోగికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

మోచేతి నుంచి మణికట్టుకు

గుండెలోకి గొట్టం పంపడమన్న ఆలోచనకు దాదాపు వందేళ్లు. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన మోచేతి సిరలోంచి గొట్టాన్ని గుండె దాకా తోసుకుని, ఎక్స్‌రే తీయించుకున్నారు. అప్పట్లో ఆయన్ను ఆదరించినవారు తక్కువ. 1956లో మాత్రం నోబెల్ బహుమతి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ గుండె ధమనులకు యాంజియోగ్రామ్ తీయడం సాధ్యమేనని చూపారు. ఆయన ఎంచుకున్నదీ చేతి దారే. కాకపోతే మోచేతి వద్ద కోత పెట్టి ధమనిని బయటికి తీయాల్సి వచ్చేది. 1960ల చివరికల్లా గజ్జల్లోని పెద్ద ధమనిని సూదితో గుచ్చే సులువైన పద్ధతి స్థిరపడింది. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ చేసిన తొలి బెలూన్ యాంజియోప్లాస్టీ కూడా గజ్జల నుంచే.

మణికట్టు వంతు 1989లో వచ్చింది. కెనడాలోని మాంట్రియల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన లూసియన్ కాంపో వంద మందికి రేడియల్ ధమని నుంచి యాంజియోగ్రామ్ తీసి, ఆ ఫలితాలను ప్రచురించారు. మూడేళ్లకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనీ అదే దారిలో యాంజియోప్లాస్టీ చేశారు. భారత్‌లో ఈ పద్ధతికి గట్టిగా ప్రచారం చేసినవారిలో అహ్మదాబాద్‌కు చెందిన తేజస్ పటేల్ ముఖ్యులు. 2015లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

అమెరికా మాత్రం ఆలస్యంగా మేల్కొంది. అక్కడి జాతీయ రిజిస్ట్రీ ప్రకారం 2007 ఆరంభంలో యాంజియోప్లాస్టీల్లో మణికట్టు నుంచి చేసినవి 1.2 శాతమే. 2012 నాటికి అవి 16.1 శాతానికి చేరాయి. ఆ తర్వాత వేగం ఇంకా పెరిగింది. 2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 'ముందు మణికట్టు' అన్న విధానాన్ని సమర్థించింది. 2021 మార్గదర్శకాలు దానికి అత్యున్నత స్థాయి సిఫారసునిచ్చాయి.

ప్రాణాలు నిలిపే దారి

ఈ మార్పు కేవలం సౌకర్యం కోసం వచ్చింది కాదు. గుండెపోటు రోగులకు రక్తాన్ని పలుచన చేసే మందులు గట్టి మోతాదులో ఇస్తారు. ఆ స్థితిలో గజ్జల్లోని ధమనికి పడిన రంధ్రం సరిగా పూడకపోతే నెత్తురు తొడలోకో, కడుపు వెనక భాగంలోకో కారుతుంది. బయటికి ఏమీ కనిపించదు. తెలిసేసరికి రక్తపోటు పడిపోయి ఉంటుంది. మణికట్టులో ఆ ప్రమాదం చాలా తక్కువ. చర్మం కిందే ధమని, దాని అడుగున ఎముక. వేలితో నొక్కితే నెత్తురు ఆగుతుంది.

సంజిత్ జాలీ నాయకత్వంలో 32 దేశాల్లో 7,021 మందిపై జరిగిన 'రైవల్' అధ్యయనం 2011లో వెలువడింది. గుచ్చిన చోట రక్తనాళాలకు తీవ్రమైన చిక్కులు గజ్జల నుంచి చేసినవారిలో 3.7 శాతం, మణికట్టు నుంచి చేసినవారిలో 1.4 శాతం. అయితే మరణం, గుండెపోటు, పక్షవాతం, పెద్ద రక్తస్రావం కలిపి చూస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2015లో వచ్చిన 'మ్యాట్రిక్స్' అధ్యయనం 8,404 మందిని పరిశీలించింది. అందులో మణికట్టు బృందంలో మరణాలు 1.6 శాతం, గజ్జల బృందంలో 2.2 శాతం. తీవ్రమైన గుండెపోటు రోగులపై 2020లో వచ్చిన కెనడా అధ్యయనం 'సఫారీ స్టెమీ'లో మాత్రం 30 రోజుల మరణాల్లో తేడా కనిపించలేదు. అందులో గజ్జల నుంచి చేసినవారు కూడా చేయి తిరిగిన వైద్యులే.

మొత్తమ్మీద తూకం మణికట్టు వైపే మొగ్గుతుంది. కాబట్టి 'చేతి నుంచి వద్దు' అనడం తెలివితక్కువతనమే. అయితే తూకం మొగ్గడమంటే రెండో తక్కెడ ఖాళీగా ఉండటం కాదు.

చప్పుడు లేకుండా మూసుకుపోయే ధమని

మణికట్టు మార్గంలో తరచుగా ఎదురయ్యే నష్టం రేడియల్ ధమని మూసుకుపోవడం. 66 అధ్యయనాల్లోని 31 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి 2016లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం 24 గంటల్లోపు పరీక్షిస్తే 7.7 శాతం మందిలో ధమని మూసుకుపోయి ఉంది. వారం దాటాక చూస్తే 5.5 శాతం. కొందరిలో అదే తెరుచుకుంటుందన్నమాట. మిగిలినవారిలో శాశ్వతంగా మూతపడుతుంది.

మరి చేయి చచ్చుబడదా? సాధారణంగా పడదు. చేతికి రెండు ధమనులున్నాయి. చిటికెన వేలి వైపు నుంచి వచ్చే అల్నార్ ధమని అరచేతిలో రేడియల్‌తో కలిసి వలయంలా ఏర్పడుతుంది. ఒకటి మూసుకుపోతే రెండోది ఆదుకుంటుంది. అందుకే చాలామందికి నొప్పి ఉండదు, వేళ్లు చల్లబడవు. కొందరికి మాత్రం పట్టు తగ్గడం, తిమ్మిరి, పని చేస్తుంటే ముంజేతిలో నొప్పి లాంటివి మిగిలిపోతాయి. గుమాస్తాకు అది చిరాకు. మగ్గం మీద కూర్చునే నేతగాడికో, కుట్టుమిషన్ మీద బతికే దర్జీకో అది కూటికి సంబంధించిన విషయం.

లక్షణాలు లేకపోవడమే ఈ సమస్యకు శాపం. నొప్పి లేకపోతే రోగి చెప్పడు. రోగి చెప్పకపోతే డాక్టర్ చూడడు. 75 దేశాలకు చెందిన 1,107 మంది నిపుణులను ప్రశ్నించి 2010లో ప్రచురించిన సర్వేలో, రోగిని ఇంటికి పంపేముందు ధమని తెరుచుకునే ఉందా అని చూడనివారు సగానికి పైగా ఉన్నారని తేలింది. మణికట్టు దగ్గర వేలు పెడితే నాడి కొట్టుకుంటోంది కదా అనుకోవడం కూడా మోసమే. మూసుకుపోయిన చోటికి అవతల అరచేతి వలయం నుంచి వెనక్కి వచ్చే రక్తం వల్లా నాడి తగలొచ్చు.

రేపటి అవసరానికి ఏది మిగిలింది?

నొప్పి లేని నష్టాన్ని ఎందుకు పట్టించుకోవాలి? ఎందుకంటే ఆ ధమని అవసరం మళ్లీ పడుతుంది. గుండె జబ్బు ఒక్క యాంజియోగ్రామ్‌తో ముగిసేది కాదు. ఐదేళ్లకో, పదేళ్లకో మళ్లీ స్టెంట్ వేయాల్సి రావచ్చు. అప్పటికి కుడి మణికట్టు దారి మూసుకుపోయి ఉంటే ఎడమ చేతికో, ఏ ప్రమాదాన్ని తప్పించుకోవాలనుకున్నారో ఆ గజ్జలకో మళ్లాల్సిందే.

రెండో అవసరం బైపాస్ సర్జరీ. కాలి సిరకు బదులు రేడియల్ ధమనిని గుండెకు అతికిస్తే అది ఎక్కువ కాలం తెరుచుకుని ఉంటుందని 2018లో ప్రచురితమైన ఉమ్మడి విశ్లేషణ చూపింది. ఒకసారి గొట్టం దూరిన ధమని లోపలి పొర దెబ్బతిని ఉంటుంది కాబట్టి సర్జన్లు దాన్ని వాడటానికి ఇష్టపడరు. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాల్లోనూ పూడికలున్నాయని తేలి, బైపాస్ చేయాలనుకునే సరికి మంచి ధమని ఒకటి జాబితాలోంచి పోయి ఉంటుంది.

మూడోది అన్నిటికంటే కీలకం. కిడ్నీలు చెడి డయాలిసిస్ అవసరమయ్యేవారికి మణికట్టు వద్ద రేడియల్ ధమనిని పక్కనున్న సిరతో కలిపి 'ఫిస్టులా' చేస్తారు. 1966 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతే డయాలిసిస్ రోగికి జీవనాడి. ధమని మూసుకుపోతే అక్కడ ఫిస్టులా కుదరదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు కూడా ఎక్కువే. అంటే ఎవరికైతే ఆ ధమనిని దాచి ఉంచాలో, వారే యాంజియోగ్రామ్ బల్ల మీదికి ఎక్కువగా వస్తారు. మధుమేహులు నానాటికీ పెరుగుతున్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి లాంటి మండలాల్లో ఏళ్ల తరబడి అంతుచిక్కని కిడ్నీ జబ్బుతో బతుకుతున్న కుటుంబాలకైతే మరీను. అలాంటివారికి చేతి దారా, కాలి దారా అన్నది గుండె డాక్టర్ ఒక్కరే తేల్చాల్సింది కాదు. కిడ్నీ వైద్యుడి మాట కూడా అవసరం.

అరుదే, అయినా ప్రమాదమే

ధమని మూసుకుపోవడంతో పోలిస్తే మిగిలిన చిక్కులు తక్కువ. కానీ కొన్ని తీవ్రమైనవి. ధమని గోడ కండరాలతో నిండి ఉంటుంది. భయం, నొప్పి, పదేపదే గుచ్చడం వల్ల అది బిగుసుకుపోతుంది. లోపలి గొట్టాన్ని కదపడమే కష్టమవుతుంది. అప్పుడు బలం ఉపయోగిస్తే ధమని చీలిపోవచ్చు. అందుకే ముందుగా నైట్రోగ్లిజరిన్ గానీ వెరాపమిల్ గానీ ధమనిలోకి ఎక్కిస్తారు. రోగికి కాస్త మత్తు ఇవ్వడం కూడా మేలు చేస్తుంది.

శరీర నిర్మాణం కూడా కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది. బ్రిటన్‌లో 1,540 మందిని పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో 13.8 శాతం మందికి రేడియల్ ధమనిలో ఏదో ఒక తేడా కనిపించింది. 2.3 శాతం మందిలో అది ఏకంగా ఉచ్చులా మెలి తిరిగి ఉంది. కంటికి కనిపించని ఆ మెలికలోకి తీగను గుడ్డిగా తోస్తే ధమనికి చిల్లు పడుతుంది. 'రైవల్'లో మణికట్టు నుంచి మొదలుపెట్టి గజ్జలకు మారాల్సి వచ్చినవారు 7.6 శాతం. గజ్జల నుంచి మొదలుపెట్టి దారి మార్చుకున్నవారు 2 శాతమే. మహిళల్లో ధమనులు ఇంకా సన్నం. వారిపైనే జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ దారి మార్చుకున్నవారు మణికట్టు బృందంలో 6.7 శాతం, గజ్జల బృందంలో 1.9 శాతం.

చిల్లు పడితే నెత్తురు ముంజేతి కండరాల మధ్యకు చేరుతుంది. వెంటనే గమనించి కట్టు కడితే తగ్గిపోతుంది. గమనించకపోతే లోపలి ఒత్తిడి పెరిగి కండరాలకు, నరాలకు రక్తం అందదు. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. గంటల్లో చర్మాన్ని, కింది పొరను కోసి ఒత్తిడి తీసేయకపోతే చేయి పనికిరాకుండా పోతుంది. కెనడాలో 51 వేలకు పైగా ప్రక్రియలను పరిశీలిస్తే ఇది కనిపించింది 0.004 శాతం మందిలోనే. అంత అరుదు. కానీ అరుదు కాబట్టే రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు దాని లక్షణాలు గుర్తుండకపోయే ప్రమాదం ఉంది. ముంజేయి రాయిలా గట్టిపడటం, వేళ్లు చాచితే భరించలేని నొప్పి, తిమ్మిరి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

మెదడుకు వెళ్లే ధమనుల పక్క నుంచే గొట్టం వెళ్తుంది కాబట్టి పక్షవాతం ముప్పు పెరుగుతుందన్న అనుమానం చాలాకాలం ఉండేది. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 3.5 లక్షల యాంజియోప్లాస్టీల వివరాలను పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనం దాన్ని బలపరచలేదు.

బల్లకు అవతలివైపు

మూల్యం చెల్లించేది రోగి ఒక్కడే కాదు. మణికట్టు నుంచి చేస్తే ఎక్స్‌రే కాస్త ఎక్కువసేపు వాడాల్సి వస్తుంది. 'రైవల్'లో గజ్జల నుంచి అయితే 8 నిమిషాలు, మణికట్టు నుంచి 9.3 నిమిషాలు. 'మ్యాట్రిక్స్'లో భాగంగా డాక్టర్ల ఛాతీ వద్ద రేడియేషన్‌ను కొలిస్తే ఒక్కో ప్రక్రియకు గజ్జల దారిలో 41 మైక్రోసీవర్టులు, మణికట్టు దారిలో 77 ఉన్నట్టు 2017లో వెల్లడైంది. రోజుకు పది కేసులు, ఇరవై ఏళ్లు అనుకుంటే ఆ తేడా ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు.

ఇంకో విచిత్రం కాంపో పనిచేసిన మాంట్రియల్ నుంచే బయటపడింది. మణికట్టు నుంచి చేయడం పెరిగిన కొద్దీ, గజ్జల నుంచి చేయాల్సి వచ్చిన కొద్దిమందిలో చిక్కులు ఎక్కువయ్యాయి. కారణం ఊహించగలిగిందే. డాక్టర్లకు పాత విద్య చేయి జారిపోతోంది. గజ్జల దారి తప్పనిసరయ్యేది తరచుగా అత్యంత విషమ పరిస్థితిలో ఉన్న రోగులకే. అలవాటు తప్పిన చేయి వారికే ఎదురవుతోంది. దీన్ని కాంపో పేరుతోనే వైరుధ్యంగా చెప్పుకుంటున్నారు.

ఖర్చు లేని మందు

ఇంతకీ ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, ధమని మూసుకుపోవడాన్ని చాలా వరకు ఆపవచ్చు. అందుకు కొత్త యంత్రాలు, ఖరీదైన మందులు అక్కర్లేదు. మొదటిది హెపారిన్. 1,836 మందిపై జరిపి 2018లో ప్రకటించిన అధ్యయనంలో శరీర బరువులో కిలోకు 50 యూనిట్లు ఇస్తే 8.1 శాతం మందిలో ధమని మూసుకుపోయింది. 100 యూనిట్లు ఇస్తే 3 శాతానికి తగ్గింది.

రెండోది బ్యాండ్ బిగించే తీరు. నెత్తురు రాకూడదన్న తొందరలో బ్యాండ్‌ను గట్టిగా బిగిస్తే ధమనిలో ప్రవాహం ఆగిపోతుంది. ఆగిన రక్తం గడ్డకడుతుంది. బయటికి నెత్తురు రాకుండా, లోపల మాత్రం ప్రవాహం ఆగకుండా బిగించడమే కిటుకు. దాన్ని తేల్చుకోవడం సులభమే. బొటనవేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్ తగిలించి, అల్నార్ ధమనిని నొక్కాలి. తెరపై అల కనిపిస్తే రేడియల్ తెరుచుకునే ఉన్నట్టు. కనిపించకపోతే బ్యాండ్ కాస్త వదులు చేయాలి. అమెరికాలో స్థిరపడిన సమీర్ పంచోలీ బృందం 436 మందిపై ఈ పద్ధతిని పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించింది. 30 రోజుల తర్వాత మూసుకుపోయిన ధమనులు పాత పద్ధతిలో 7 శాతం, కొత్త పద్ధతిలో 1.8 శాతం. బ్యాండ్ ఉన్నంతసేపూ అల్నార్‌ను కూడా నొక్కి ఉంచితే రేడియల్‌లో ప్రవాహం పెరుగుతుంది. మూడు వేల మందిపై జరిపి 2016లో ప్రచురించిన రెండో అధ్యయనంలో అలా చేస్తే ఆ సంఖ్య 0.9 శాతానికి దిగింది.

మూడోది గుచ్చే చోటునే మార్చడం. బొటనవేలి మొదట్లో ఉండే గుంతలోంచి ధమనిని గుచ్చే పద్ధతికి 2017లో ప్రాచుర్యం తెచ్చింది కూడా కీమెనీయే. 2022 నాటి 'డిస్కో రేడియల్' అధ్యయనంలో ఈ కొత్త చోట మూసుకుపోయినవి 0.31 శాతం, పాత చోట 0.91 శాతం. ఆ తేడా గణాంకాలకు నిలవలేదు. కానీ దాని అసలు పాఠం వేరు. జాగ్రత్తలన్నీ పాటిస్తే పాత చోట కూడా నష్టం ఒక్క శాతం లోపే. 7.7కూ 0.91కీ మధ్య ఉన్నది టెక్నాలజీ కాదు, శ్రద్ధ.

ఇక చేతికి రెండో ధమని సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి 1929 నుంచి వాడుకలో ఉన్న ఆలెన్ పరీక్ష ప్రాధాన్యం తగ్గుతోంది. ఆ పరీక్షలో తప్పినవారికి కూడా మణికట్టు నుంచి చేస్తే చేతికి హాని జరగలేదని 2014లో ప్రచురితమైన 'రాడార్' అధ్యయనం చూపింది. ధమని సైజును అల్ట్రాసౌండ్‌తో ముందే చూసుకుని గుచ్చడం అంతకంటే ఉపయోగకరం.

అడిగే హక్కు

భారత్‌లో గుండె చికిత్సపై చర్చ ఇంతవరకు ధర చుట్టూనే తిరిగింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ యాంజియోప్లాస్టీని తెల్లకార్డు కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మందు పూత స్టెంట్‌కు రూ.29,600 గరిష్ఠ ధర నిర్ణయించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. స్టెంట్ ఏ కంపెనీదని అడగడం రోగులు నేర్చుకున్నారు. అది గుండెకు చేరిన దారి ఏమైందని అడగడం ఇంకా నేర్చుకోవాల్సి ఉంది.

అడగాల్సినవి నాలుగే. కిడ్నీ జబ్బు ఉంటే, భవిష్యత్తులో డయాలిసిస్ రావచ్చని డాక్టర్లు చెప్పి ఉంటే ఆ సంగతి సూది పడకముందే చెప్పి, ఏ చేయి, ఏ దారి అని అడగాలి. చేతులతో చేసే సున్నితమైన పనే జీవనాధారమైతే అదీ చెప్పాలి. బ్యాండ్ కట్టాక వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, ముంజేయి ఉబ్బినా సర్దుకుంటుందిలే అని ఊరుకోకూడదు. చివరిగా, డిశ్చార్జికి ముందు ధమని తెరుచుకునే ఉందా అని పరీక్షించమనాలి. ఆ రోజే తెలిస్తే సరిదిద్దే అవకాశం ఉంది. గంటసేపు అల్నార్ ధమనిని నొక్కి ఉంచడంతోనే కొందరిలో రేడియల్ తిరిగి తెరుచుకున్నట్టు 2011లో ఒక అధ్యయనం చూపింది. నెలలు గడిచాక తెలిస్తే చేయగలిగింది తక్కువ.

ఈ పరీక్షకు పట్టేది ఒకట్రెండు నిమిషాలు. కావాల్సింది ఏ వార్డులోనైనా దొరికే క్లిప్, ఒక వేలు. ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో స్టెంట్ పొడవు, వెడల్పు మిల్లీమీటర్లతో సహా రాస్తారు. అదే కాగితంలో 'రేడియల్ ధమని తెరుచుకుని ఉంది' అన్న మరో వాక్యానికి చోటు లేకపోలేదు.